తెల్ల టబ్బులో నల్ల చేప

పొద్దున్నే టబ్బుల మీది వల గుడ్డ తీయకముందు కృష్ణమ్మ ఒక్కొక్క దానిలో చెయ్యి ముంచేది. కొర్రమట్ట చేపలు ఆమె వేళ్ళను ఒరుసుకుంటూ ఒక చుట్టు తిరిగి వెళ్ళేవి. ఆ తడి వేళ్ళు కళ్ళకద్దుకుని, "గంగమ్మ తల్లీ, నీ పిల్లలు నా తాన ఉన్నరు, కోపం జెయ్యకు" అనేది. ఆ తర్వాతే బేరం. చేపలున్న పాత నీళ్ళు మొక్కలకు బలమని, వాటిని బిందెతో మోసుకొచ్చి మా ప్రార్థన మందిరం గేటు లోపలి మందార చెట్లకు పోసేది. ఆమె మొక్కే తల్లి వేరు, మేము ప్రార్థించే ప్రభువు వేరు. ఆ సంగతి మందారాలకు తెలియదు. ఏడాది పొడుగునా విరగబూసేవి.

సైదాబాద్‌లో మా మందిరానికి ఎదురుగా, గోడవారన ఆమె దుకాణం. దుకాణమంటే పైన ఒక నీలం టార్పాలిన్ పట్టా, కింద తాపీ మేస్త్రీలు సిమెంటు కలుపుకునేలాంటి నల్ల రబ్బరు టబ్బులు, పక్కన కత్తిపీట. కత్తిపీట ముందు ఆమె తమ్ముడు కొండల్ కూర్చునేవాడు. తల్లి పోయినప్పటి నుంచి కృష్ణమ్మే వాణ్ణి సాకింది. ఆమె పెళ్ళి జరుగుతుంటే వాడు ఆమె కొంగు పట్టుకుని పీటల పక్కనే నిద్రపోయాడట. భర్త పోయాక ఆమెకు నా అనే మనిషి వాడొక్కడే మిగిలాడు. చేపకు బూడిద రాసి, జిగురు పోయేదాకా బండకు రుద్ది, ముక్కలు కోసి ఇవ్వడం వాడి పని. నోరు మాత్రం ఊరుకోదు.

"అక్కా, ఈ చేప నన్ను గుర్తుపట్టి ఏడుస్తున్నది, దీన్ని ఇడిసి పెట్టరాదు?" అనేవాడు.

"నువ్వు ఏడ్వకుంట కొయ్యిరా" అనేది ఆమె.

ఆదివారాలు వాళ్ళకూ మాకూ ఒక పద్ధతి ఉండేది. ఆరాధనకు వచ్చేటప్పుడు ఎవరి చేపను వాళ్ళు ఎంచుకోవాలి. కృష్ణమ్మ దాన్ని ఆ ఇంటి వాళ్ళకని ఒక చిన్న టబ్బులో విడిగా వేసి ఉంచుతుంది. ఆరాధన అయ్యాక, ప్రాణంతో ఉన్న ఆ చేపనే కళ్ళముందు కోయించుకుని ఇంటికి పోతాం. చెరువు చేప నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఫారంలో పెంచిన చేప బూడిద రంగులో పాలిపోయి ఉంటుందని, రుచి ఉండదని అందరూ అంటారు. కృష్ణమ్మ చెరువు చేప తప్ప ఇంకొకటి ముట్టదు. సందు చివర ఫారం చేపలమ్మేవాడితో కొండల్‌కు దోస్తీ. "అక్కా, రెండూ కలిపి అమ్ముదమా? ఎవనికి ఎరుక?" అని ఒకసారి నవ్వులాటకు అన్నాడు. తడి చేత్తోనే వీపు మీద ఒక్కటి వేసింది.

క్రిస్మస్ పండుగకు మా సంఘ పెద్ద ప్రేమ్‌రాజ్ గారు ఆమెకు ఒక బహుమానం తెచ్చారు. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారంలో ఉద్యోగం చేస్తారు, చేతికి ఎముక లేని మనిషి. ఎంచిన చేపలు వేసే చిన్న నల్ల టబ్బులు అంచులు విరిగి అసహ్యంగా ఉన్నాయని, వాటికి బదులు కొత్త తెల్ల ప్లాస్టిక్ టబ్బులు కొని ఆటోలో వేసుకొచ్చారు. ఆయన భార్య అమల ఒక్కొక్క దానికి ఎర్ర రిబ్బను కట్టింది.

"అమ్మా, గింత తెల్లగున్నయి, వీట్ల చేపలెందుకు, అన్నం పెట్టుకొని తింట" అంది కృష్ణమ్మ.

"నీల్లు సాఫ్‌గ కనపడ్తయి చెల్లే. చూసెటోల్లకు గూడ మంచిగుంటది" అన్నారు ప్రేమ్‌రాజ్ గారు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనకని ఎవరో కొత్త వస్తువు తెచ్చి ఎన్నేళ్ళయిందో.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆ టబ్బులు వాడకంలోకి వచ్చాయి. ఆ రోజు ప్రేమ్‌రాజ్ గారి ఇంటికి చుట్టాలు వస్తున్నారు. ఆయన వంగి చూసి, అన్నింటిలోకీ నల్లగా, బలంగా ఉన్న చేపను ఎంచారు. కృష్ణమ్మ దాన్ని తెల్ల టబ్బులో వేసి వల కప్పింది. అమల తమ్ముడి కొడుకు వెస్లీ, మందిరంలో డోలక్ వాయించే అబ్బాయి, తనూ ఒకటి ఎంచుకున్నాడు. మేమందరం లోపలికి వెళ్ళాక కృష్ణమ్మ ఎప్పటిలాగే చేప తలకాయ పులుసు డబ్బాలో పోసుకుని వెనక వీధిలోని ఆగమ్మ దగ్గరకు పోయింది. ఆగమ్మ మంచం దిగలేని ముసలామె. ఆదివారం ఆమెకు అన్నం కలిపి నోట్లో పెట్టి రావడం కృష్ణమ్మకు అలవాటు. ఆ కాసేపూ చేపల దగ్గర కొండల్ ఒక్కడే.

ఆరాధన ముగిసింది. బయటికొచ్చి వల తీసిన అమల అలాగే నిలబడిపోయింది.

"ఇది మనది కాదు."

టబ్బులో చేప పాలిపోయి, తడిసిన సున్నం గోడ రంగులో ఉంది. వెస్లీ తన టబ్బు తెరిచాడు. అదీ అంతే.

"ఏంది కొండలన్నా గిది?" అన్నాడు వెస్లీ. "మేము లోపల పాటలు పాడుతుంటె నువ్వు బయట చేపలు మార్చినవా?"

"నేను ముట్టనే లేదు. మీ చేపలే అవి."

"నా చేప నల్లగుండె. ఇది ఫారం చేప. సైజు సూసి తెచ్చినోనివి, రంగు గూడ సూసుకోవద్దా భాయ్?"

నలుగురూ నవ్వారు. అప్పుడే కృష్ణమ్మ ఖాళీ డబ్బాతో వచ్చింది. ఆమె ముఖం చూసి ప్రేమ్‌రాజ్ గారు గొంతు తగ్గించారు. తగ్గించిన ఆ గొంతే ఆమెకు ఎక్కువ తగిలింది.

"చెల్లే, నిన్ను నమ్మి వదిలి పోతిమి. దేవుని సన్నిధికి పోతున్నమని తెలిసి గూడ గిట్ల చేస్తె ఎట్ల?"

"అన్నా, గంగమ్మ తోడు. నాకు తెల్వదు."

"వద్దు, ఒట్లు వద్దు. చేప నీ దగ్గరనే ఉంచుకో."

ఆయన వెళ్ళిపోయారు. ఆయన వెనక ఒక్కొక్కరూ కదిలారు. వెనక్కి ఇచ్చిన రెండు పాలిపోయిన చేపలనూ కృష్ణమ్మ పెద్ద నల్ల టబ్బులో కలిపేసింది. మధ్యాహ్నమంతా బేరం లేదు. పొద్దు వాలాక, ఆ రెండు చేపలనూ వేరుచేసి పరీక్షగా చూద్దామని ఆమె వల తీసింది.

టబ్బులో తెల్ల చేప ఒక్కటీ లేదు. అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

అప్పటిదాకా ఆమెకు తమ్ముడి మీద అనుమానం లేదు. ఆ క్షణంలో వచ్చింది. పొద్దున ఫారం చేపలు పెట్టాడు, గొడవ కాగానే వాటిని మాయం చేసి, దాచిన నల్ల చేపలను తిరిగి తెచ్చి వేశాడు. ఇంకెట్లా అవుతుంది?

"ఏడవెట్టినవురా?"

"ఏంది?"

"ఆ తెల్ల చేపలు. మల్ల నీ దోస్తుకు ఇచ్చొచ్చినవా?"

కొండల్ టబ్బులోకి చూశాడు. వాడికీ అర్థం కాలేదు. "నేను తియ్యలే అక్కా."

"మరి రెక్కలొచ్చి ఎగిరినయా?"

"నేను తియ్యలే."

"ఆల్ల మందారాలకు నీల్లు వోసిన చెయ్యిరా ఇది. ఇయ్యాల ఆల్ల ముంగట దొంగ చెయ్యయింది. సాకినందుకు మంచి పని జేసినవ్."

"నువ్వు సూసినవా అక్కా? నేను మార్చంగ నువ్వు సూసినవా?" అని ఒక్క మాట అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. వాడు కత్తిపీట కడిగాడు. చీకట్లో ఆమెకు తగలకుండా దాని వాదర గోడ వైపు తిప్పి పెట్టాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత తెలిసింది, పత్తర్‌గట్టిలో ఒక అత్తరు దుకాణంలో సీసాలు కడిగే పనికి కుదిరాడని. చేపల వాసన పోవాలని రోజూ నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోమన్నాడట ఆ సేఠ్. ఈ మాట ఎవరో నవ్వుతూ చెబితే కృష్ణమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

తెల్ల టబ్బులను ఆమె బోర్లించి పట్టా వెనక పెట్టేసింది. మా వాళ్ళు మళ్ళీ చేపలు కొన్నారు గానీ, ఎంచి వదిలి పోవడం మానేశారు. ఆరాధన అయ్యాకే వచ్చి, అప్పటికప్పుడు చేపను పట్టించి, కళ్ళముందు కోయించుకుని పోయేవారు. కోసేటప్పుడు ఆమె చేతుల మీదే చూపు. ఎవరూ మాట అనలేదు. ఆ చూపు చాలు. మందారాలకు నీళ్ళు మాత్రం ఆమె మానలేదు. కాకపోతే గేటు దాటి లోపలికి రావడం మానేసి, బయట నుంచే కమ్మీల సందులోంచి పోసేది. సగం నీళ్ళు గోడకే పోయేవి.

"నన్ను తిడితె తుడుసుకుందు" అని ఒకరోజు అంది. "అమ్మే మనిషికి తిట్లు కొత్తనా? రిబ్బన్లు గట్టి టబ్బులిచ్చినోల్లు ఒక్కసారి గూడ, 'కృష్ణమ్మా, ఏమైందే' అని అడుగలే. పరాయోల్లు అడుగలే సరే. సాకినోడు గూడ ముంచిండు."

అప్పటికి ఆమెకు రెండు వైపులా గాయమే. ఏది ఎక్కువ నొప్పో ఆమెకే తెలియదు.

మా మందిరం గేటు దగ్గర కూర్చునే ఇశ్రాయేలు తాత ఒక్కడే పాత పద్ధతి వదల్లేదు. నెలకో రెండు నెలలకో ఒక చిన్న చేప కొనే మనిషి. ఒక ఆదివారం పొద్దున వచ్చి, "ఇది నాకు ఉంచు బిడ్డా" అని చేపను చూపించి లోపలికి పోయాడు. ఆమె దాన్ని విరిగిన నల్ల టబ్బులో వేసింది. ఆరాధన అయ్యాక వచ్చి సంచి చాపాడు. వల కూడా తీయలేదు.

"సూసుకోవా బాపూ?"

"ఏం సూడాలె?"

"నీదేనో కాదో."

"నువ్వు పెట్టినవు గద. నా కండ్ల కన్న నువ్వు నయం" అని నవ్వి, సంచి భుజాన వేసుకుని పోయాడు.

కృష్ణమ్మ ఆ పూట మరి బేరం చేయలేదు. తనను చూడకుండా నమ్మే మనిషి ఒకడున్నాడు. తన తమ్ముణ్ణి చూడకుండా నమ్మే మనిషి ఎవరు? ఆ మరునాటి నుంచి, "పత్తర్‌గట్టి దాక పోయి రావాలె" అని ఆమె పక్కవాళ్ళతో అనడం మేము విన్నాం. పోలేదు. కాళ్ళు రాలేదు.

ఆ వారంలోనే ప్రేమ్‌రాజ్ గారి కూతురు రూప బెంగళూరు నుంచి ఇంటికొచ్చింది. మా నగరంలోనే ఒక ప్రయోగశాలలో పనిచేసే పిల్ల. జీవకణాల లోపల సరుకులు ఎట్లా కదులుతాయో చూడటం వాళ్ళ పని. శిక్షణ కోసం కొన్ని నెలలు బెంగళూరులో ఉండి వచ్చింది. అన్నం తింటూ తల్లి నోట చేపల సంగతి విని, ముద్ద పట్టుకుని ఆగిపోయింది.

"టబ్బులు తెల్లయి ఎవరిచ్చిన్రు?"

"మీ డాడీనే."

రూప చెయ్యి కడుక్కుని లేచింది. కృష్ణమ్మ దగ్గర ప్రాణంతో ఒక కొర్రమట్టను కొని తెచ్చింది. రెండు రోజులు వాళ్ళింట్లో చేప స్నానాల గదిలో ఒక బకెట్‌లోంచి ఇంకో బకెట్‌లోకి మారింది. ఒక పొలుసును జాగ్రత్తగా సీసాలో పెట్టి ప్రయోగశాలకు తీసుకుపోయింది కూడా.

మంగళవారం సాయంత్రం కుటుంబ ప్రార్థన వాళ్ళింట్లోనే. ప్రార్థన అయ్యాక చాయ్ ఇస్తుంటే రూప అందరినీ స్నానాల గది ముందుకు పిలిచింది. తెల్ల బకెట్‌లో పాలిపోయిన చేప. మా అందరి ముందు దాన్ని నల్ల టబ్బులోకి మార్చింది. మేము చాయ్ తాగుతూ అది ఇది మాట్లాడుకున్నాం. మళ్ళీ చూస్తే వీపు మసకబారింది. కొంతసేపటికి నల్లబడింది. అదే చేప. వెస్లీ గ్లాసు కింద పెట్టేశాడు.

రూప ఫోన్ తెరిచి పొలుసు బొమ్మ చూపించింది. గాజు కింద పెద్దది చేసి తీసిన వీడియో అది. నక్షత్రాల్లా చేతులు చాపుకున్న నల్లటి కణాలు.

"చర్మంల ఉండే కణాలు ఇవి. ఒక్కొక్క దాంట్ల నల్ల రవ్వలు మస్తుంటయి. రవ్వలు చేతుల కొసలదాక పరుచుకుంటె చేప నల్లగ కనపడ్తది. అన్ని నడిమిట్లకు చేరి ముద్దయితె తెల్లబడ్తది. రంగు ఏడికీ పోదు డాడీ. లోపల జాగా మారుతది, అంతే."

"రవ్వలు వాటంతట అవే నడుస్తయా?" అంది అమల.

"నడువయి మమ్మీ, వాటిని వేరేటియి మోస్తయి. కణం నడిమిట్ల నుంచి అంచులదాక సన్నటి గొట్టాలు ఉంటయి, పట్టాలు పరిచినట్టు. వాటి మీద మోటార్లు నడుస్తయి. ఇనుపయి కావు, ప్రొటీన్లు. రెండు కాల్ల లెక్క ఉంటయి. ఒకటి ఎత్తి ఇంకొకటి పెట్టుకుంట, రవ్వను గుంజుకొని పోతయి. అంచుకు మోసేదాన్ని కైనెసిన్ అంటరు. నడిమిట్లకు తెచ్చేదాన్ని డైనీన్ అంటరు. ప్రతి అడుగుకు కణం దానికింత ఇంధనం పెట్టాలె."

"మరి డ్రైవర్ ఎవరు?" అన్నారు ప్రేమ్‌రాజ్ గారు. కర్మాగారం మనిషి కదా, ముందు ఆ ప్రశ్నే వచ్చింది.

"డ్రైవర్ లేడు. చేప కన్ను తన చుట్టూ తెల్లగ ఉన్నది చూస్తది. నరాల నుంచి కబురు పోతది. కబురు చేరంగనే లోపలికి తెచ్చే మోటార్లది పైచెయ్యి అయితది." ఆ నరాల కబురులాంటి మందునే ఒక చుక్క పొలుసు మీద వేశానని చెప్పి, వీడియో నడిపించింది. నల్ల రవ్వలు నలుమూలల నుంచి చిన్న చిన్న అడుగులతో నడిమికి నడిచొచ్చాయి. చూస్తుండగానే నక్షత్రం చుక్కయింది. చేప పొలుసులో ఇంత పని పెట్టిన దేవుడికి స్తోత్రమని నేను లోలోపల అనుకున్నాను.

"మనల గూడ ఉన్నయి ఈ మోటార్లు" అంది రూప. "వెన్నుల నుంచి కాలి బొటనవేలు దాక పోయే నరంల సరుకు మోసేది ఇవే."

"అయితె నా మోకాల్ల మోటార్లు రిటైరైనయేమో బిడ్డా" అన్నాడు ఇశ్రాయేలు తాత.

"మోకాలిది అరుగుడు తాతా, అది వేరే లొల్లి."

అందరం నవ్వాం. అమల నవ్వలేదు. "సాయంత్రం పెద్ద టబ్బుల తెల్ల చేపలు లేవని కృష్ణమ్మ కొండల్‌ను ఎల్లగొట్టింది గద" అంది మెల్లగా.

"నల్ల టబ్బుల వేసినంక నల్లగయినయి మమ్మీ. అండ్లనే ఉన్నయి. ఎవరూ మార్చలే, ఎవరూ తియ్యలే."

ప్రేమ్‌రాజ్ గారు తల వంచుకుని కూర్చున్నారు. ఆయన ఇచ్చిన బహుమానమే, ఆయన అన్న మాటే. "పొద్దున్నే పోదం" అన్నారు చివరికి.

మర్నాడు ఆయన, రూప, ఇశ్రాయేలు తాత దుకాణం దగ్గరకు వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను. కృష్ణమ్మ ఒక్కతే కత్తిపీట మీద వంగి ఉంది. ప్రేమ్‌రాజ్ గారిని చూడగానే లేచి నిలబడింది గానీ పలకరించలేదు. రూప ముఖం వెలిగిపోతోంది. ఫోన్ ముందుకు చాపింది.

"కృష్ణమ్మక్కా, ఆ చేపల ముచ్చట తెలిసిపోయింది. ఇగో, ఇది చూడు..."

"ఆగు బిడ్డా." కృష్ణమ్మ తడి చెయ్యి ఫోన్‌కు అడ్డం పెట్టింది. "కొండల్ తీసిండా, తియ్యలేదా, అదేనా ఇండ్ల ఉన్నది?"

"అదే అక్కా."

"చెప్పకు."

"అక్కా, మంచి..."

"మంచిదైనా చెప్పకు, చెడ్డదైనా చెప్పకు." ఆమె కళ్ళు ప్రేమ్‌రాజ్ గారి మీదికి ఒకసారి వెళ్ళి వచ్చాయి. "నువ్వు సూపిస్తవు, నేను నమ్ముత. అప్పుడు పోయి పిలిస్తె, వాడు ఏమంటడు? ఫోన్ల సూసి వచ్చినవా అక్కా అంటడు. నన్ను ఎవరూ అడుగక పోయిన్రు, అది నాకు ఇయ్యాల్టి దాక మండుతున్నది. వాన్ని నేను అడుగలే. వాడు నన్ను అడిగిండు, సూసినవా అని. నేను జవాబియ్యలే."

ప్రేమ్‌రాజ్ గారు ఏదో చెప్పబోయారు. "చెల్లే, తప్పు నాది..."

"నీ ముచ్చట తర్వాత అన్నా" అంది ఆమె. గొంతులో కోపం లేదు, దగ్గరతనమూ లేదు. "అది అంత జల్ది పోయేది కాదు."

చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. టబ్బుల మీద వలలు సర్ది, అంచుల మీద రాళ్ళు పెట్టింది. సంచీ తీసుకుని రెండడుగులు వేసి, మళ్ళీ రూప దగ్గరకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకొక సాయం జెయ్యి బిడ్డా. నేను పత్తర్‌గట్టి పోయి వాన్ని అడిగి, తోలుకొని వచ్చెదాక, ఆ ఫోన్ల ఏమున్నదో నాకు గాని వానికి గాని చెప్పకు. వేరేటోల్ల నోట వాని చెవిల పడకుండ సూడు. జర గీ చేపల కాడ కూసో, నేను గిట్ల పోయి గట్లొస్త."